గోడమీది పటం, బీరువాలోని జీవోలు

ప్రత్యేక సంచికకు ఊరి చరిత్ర ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. కాకతీయుల గురించి రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. గుమాస్తాను కనుక నాకు తెలిసింది దస్త్రాల చరిత్రే.

వరంగల్, హన్మకొండ, కాజీపేట పేరుకు మూడు ఊళ్ళు, బతుక్కి ఒకటే. వీటికి 1970ల తొలి ఏళ్ళలో మాస్టర్ ప్లాను తయారైంది. 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. దాని కిందనే 1980ల ఆరంభంలో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఏర్పడింది. చట్టం చెప్పేది సూటిగానే ఉంటుంది. ఏ నేల నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది ఖాళీగా ఉంచాలో మాస్టర్ ప్లాను చెబుతుంది, జోనల్ ప్లాను దానికి లోబడి ఉండాలి. మార్చాలంటే 12వ సెక్షను ప్రకారం ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని మార్చాలి. ప్లాను స్వభావమే మారే సవరణ సంస్థ చేతిలో లేదు, ప్రభుత్వమే చేయాలి.

ఆ పాత ప్లానే మనకు దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. ఊరు పెరిగింది, ప్లాను పెరగలేదు. కనుక ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క జీవో.

ఈ తంతులో నా తప్పూ ఒకటుంది. అది ఈ ఊళ్ళో కాదు, నేను పనిచేసిన మరో జిల్లా కార్యాలయంలో. పేరు అవసరం లేదు. గోడకు గుడ్డపటం, జీవోలు బీరువాలో. ఒక రిటైరైన బడిపంతులు వచ్చి తను కొనబోయే స్థలం ఏ జోనో అడిగారు. పటం చూశాను, పసుపు రంగు. "నివాసమే సార్, కొనుక్కోండి" అన్నాను. రెండేళ్ళ ముందే ఆ నేల మీదుగా రోడ్డు మళ్ళిస్తూ వచ్చిన జీవో బీరువాలోనే ఉంది. పటం మీదికి ఎవరూ ఎక్కించలేదు. ఆ సీటు నాదే. ఇంటి అనుమతి రాలేదు. ఆయన కోప్పడలేదు. "నువ్వే గద బిడ్డా చూసి చెప్పింది" అన్నారు, అంతే.

ఆ రాత్రి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. జీవో నంబరు, సర్వే నంబరు రాసుకుని, అదే రోజు ఎర్ర పెన్సిలుతో పటం మీద గీత. బదిలీ అయినప్పుడు చార్జి లిస్టులో దాన్నీ చేర్చాను. వచ్చినాయన "ఇదేం రిజిస్టరండీ, నమూనాలో లేదే" అన్నాడు!

2020 ఆగస్టు వానలకు హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాకే నాలా మీది ఆక్రమణల తొలగింపు జోరందుకుంది. 2041 మాస్టర్ ప్లానుకు 2024 నవంబరులో ప్రభుత్వ ఆమోదం వచ్చింది. రేపు దానికీ సవరణలు వస్తాయి. కంప్యూటరు పటమైనా ఎక్కించే చేయి ఒకటి ఉండాలి.

పోయినేడు పెళ్ళికి ఆ ఊరు వెళ్ళి పంతులుగారి స్థలం చూసి వచ్చాను. తుమ్మచెట్లు మొలిచాయి. రోడ్డు మాత్రం ఇంకా పడలేదు.