చేతికి తగ్గ బేస్ గిటార్ : ఒక చిన్న చరిత్ర

మన షోలాపూర్ జూనీ మిల్లు 1877లో నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మనం చూసే రకం బేస్ గిటార్ మార్కెట్టుకు వచ్చింది 1951లో. అంటే మన ఊళ్లో మిల్లు భోంగా మోగడం మొదలైన 74 ఏండ్లకు ఈ వాద్యం జనం చేతికి అందింది. వయసు చిన్నదే గాని దీంట్లో రకాలు మస్తు. పొడుగు మెడవి, పొట్టి మెడవి, నాలుగు తీగలవి, ఐదు తీగలవి, మెట్లు ఉన్నవి, మెట్లు లేనివి. దుకాణంలోకి పోతే ఏది కొనాలో తెలియక తల తిరుగుతుంది. దుకాణం ఆయన ధర చెప్తాడు, రంగు చూపిస్తాడు. ఇన్ని రకాలు ఎందుకు పుట్టినయో మాత్రం చెప్పడు.

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. నేత ఇండ్లలో పుట్టిన మనకు ఆ జవాబు తొందరగానే అర్థమవుతుంది. చద్దర్ నేసే మగ్గం మీద టర్కీ టవల్ నేయలేము. టవల్‌కు రెండు పడుగులు కావాలె. ఒకటి బిగువుగా, ఇంకొకటి వదులుగా ఉండాలె. ఆ వదులు పడుగే పైకి లేచి ఉంగరాలు ఉంగరాలుగా కనిపిస్తుంది. చద్దర్ మీద పూలు, నెమళ్లు రావాలంటే జకార్డ్ కావాలె. ఏ మగ్గం గొప్పది అని అడిగితే మన పెద్దలు నవ్వుతారు. "ఏం నేస్తావురా?" అని ముందు అడుగుతారు. బేస్ గిటార్ విషయంలో కూడా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

ఇది చిన్న సంగతి కాదు. మన పేటల్లో పెండ్లి ఆర్కెస్ట్రాలో, బెంజో పార్టీలో, చర్చిలో, బడి గ్యాదరింగ్‌లో వాయించాలని కోరిక ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. కాని కార్ఖానా పగారు, బీడీల పైసలు కూడబెట్టి ఇంట్లోవాళ్లు ఒక్కసారే ఒక వాద్యం కొనిస్తారు. అది చేతికి సరిపోకపోతే మార్చుకోవడానికి రెండోసారి పైసలు ఉండవు. తలుపు వెనక నిలబడి దుమ్ము పడుతుంది. నేర్చుకునేవాడు మాత్రం "నాకు సంగీతం రాదు" అనుకుంటాడు. తప్పు వాడిది కాకపోవచ్చు, వాద్యం ఎంపికది కావచ్చు.

ఇక చరిత్రకు వద్దాం. బేస్ గిటార్‌కు ముందు ఆ లావు స్వరం కోసం డబుల్ బేస్ ఉండేది. అది దాదాపు ఆరడుగుల పెద్ద ఫిడేలు. నిలబడి వాయించాలె, మోయడం కష్టం. డ్రమ్ములు, బాకాలు గట్టిగా మోగితే దాని శబ్దం ఎవరికీ వినపడదు. దానికి మెట్లు లేవు కాబట్టి వేలు కొంచెం జరిగినా శ్రుతి తప్పుతుంది. 1930ల్లో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన దాన్ని గిటార్ లాగా అడ్డంగా పట్టుకునేటట్టు, కరెంటుతో మోగేటట్టు చేశాడు. కాని అది జనంలోకి పోలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన బేస్ నిలబడింది. ఆయన రేడియోలు బాగుచేసే పనితో మొదలైన మనిషి. మెట్లు పెట్టడం వల్ల స్వరం ఖచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. డబుల్ బేస్ వాయించేవాళ్ల బాధ, గిటార్ వాయించేవాళ్లకు కావలసిన సులువు, ఈ రెండింటి నుంచి పుట్టిన వాద్యం అది.

ఫెండర్ ఆ బేస్ తీగ పొడవును 34 అంగుళాలు పెట్టాడు. ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకు ఇదే కొలత. ఈ కొలతలో మొదటి మెట్టు దాదాపు 48 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. 30 అంగుళాల పొట్టి బేస్‌లో అది 43 మిల్లీమీటర్లే. 5 మిల్లీమీటర్ల తేడా అంటే ఏమంత అనిపిస్తుంది. కాని నాలుగు మెట్లకు నాలుగు వేళ్లు చాపి పెట్టి గంటసేపు వాయించి చూస్తే ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది. పొడుగు తీగ బిగువుగా ఉంటుంది, స్వరం స్పష్టంగా విడివిడిగా వస్తుంది. పొట్టి తీగ కొంచెం వదులు, స్వరం గుండ్రంగా మెత్తగా వస్తుంది. రెండింటిలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని లేదు.

దీనికి పెద్ద సాక్ష్యం బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ. ఆయన ఎడమచేతి వాటం మనిషి. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఫిడేలు ఆకారం ఉన్న హాఫ్నర్ బేస్ కొన్నాడు. ఫెండర్ కొనే పైసలు అప్పుడు ఆయన దగ్గర లేవు. హాఫ్నర్ చవకగా దొరికింది. రెండు పక్కలా ఒకే ఆకారం కాబట్టి ఎడమచేతికి తిప్పి పట్టుకున్నా వంకరగా కనిపించదు. పొట్టి మెడ, బరువు కూడా చాలా తక్కువ. మామూలు బేస్ దాదాపు 4 కిలోలు ఉంటే ఇది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. చవకైనదే ఆయన చేతికి సరిపోయింది. ఆ చేతితో ఆయన పాట కింద ఇంకొక పాట పాడినట్టు వాయించాడు.

రెండో సంగతి పికప్. ఇది మనకు కొత్త కాదు. కండె చుట్టడం చూడని నేత ఇల్లు ఉండదు కదా. పికప్ కూడా ఒక రకం కండెనే. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక లాంటి సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దాని మీద ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఈ రకం పికప్‌కు నైలాన్ తీగ పనికిరాకపోవడానికి కారణం ఇదే, నైలాన్‌ను అయస్కాంతం పట్టించుకోదు.

ఆ చుట్టకు ఒక ఇబ్బంది ఉంది. దగ్గర్లో మోటార్లు, ట్యూబులైట్లు ఉంటే వాటి గుయ్‌మనే చప్పుడును కూడా పట్టుకుంటుంది. 1957లో ఫెండర్ ప్రెసిషన్ పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదాని గుయ్‌మనే చప్పుడును ఇంకొకటి కొట్టేసేటట్టు కలిపాడు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు ఉన్నాయి. రెండింటినీ సమానంగా తెరిస్తే చప్పుడు తగ్గుతుంది, ఒక్కటే తెరిస్తే మళ్లీ వస్తుంది. దాని లాభం వేరే. వంతెన పక్క పికప్ తెరిస్తే స్వరం గరుకుగా తేలుతుంది, మెడ పక్కది తెరిస్తే లావుగా వస్తుంది. మెడ కూడా సన్నం. పై చివర ప్రెసిషన్ మెడ దాదాపు 44 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే జాజ్ బేస్ మెడ 38 మాత్రమే. చిన్న చేతులకు ఇది పెద్ద ఉపకారం. పవర్‌లూమ్‌ల పక్క గదిలో సాధన చేసే మన పిల్లలు మాత్రం గుయ్‌మనే సంగతి కొనేముందే చూసుకోవాలె.

మూడోది తీగలు. తీగ మధ్యలో ఉక్కు ఉంటుంది, దాని మీద ఇంకొక తీగ చుట్టి ఉంటుంది. పైచుట్టు చదును పట్టీ అయితే తీగ నున్నగా ఉంటుంది, స్వరం మెత్తగా ధమ్‌మని వచ్చి ఆగుతుంది. పైచుట్టు గుండ్రని తీగ అయితే గరుకుగా ఉంటుంది, స్వరం మెరుస్తుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ నున్నని తీగలే వాడేవాడు, వాటిని ఊరికే మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఇంగ్లండ్‌లో ద హూ బృందంలోని జాన్ ఎంట్విసిల్‌కు గిటార్, డ్రమ్ముల మధ్య తన స్వరం వినపడాలె. 1966లో రోటోసౌండ్ కంపెనీతో కలిసి గరుకు తీగలను తనకు నచ్చినట్టు చేయించుకున్నాడు. ఇద్దరివీ తీగలు మార్చి ఇస్తే ఇద్దరి పాటా చెడిపోయేది.

వాయించే తీరు కూడా అవసరం నుంచే పుట్టింది. అమెరికాలో లారీ గ్రాహం తన తల్లితో కలిసి వాయించేవాడు. వాళ్ల దగ్గర డ్రమ్ములు వాయించే మనిషి లేకుండా పోయాడు. ఆ లోటు తీర్చడానికి ఆయన బొటనవేలితో తీగను కొట్టడం, చూపుడువేలితో పైకి లాగి వదలడం మొదలుపెట్టాడు. అదే ఇప్పుడు లోకమంతా స్లాప్ అని పిలిచే పద్ధతి. లాస్ ఏంజెలస్‌లో కరోల్ కే అనే ఆమె గిటార్ వాయించేది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించే ఆయన రాలేదు. ఆమె బేస్ పట్టుకుంది, ఇక వదలలేదు. గిటార్ అలవాటు కొద్దీ పిక్‌తోనే వాయించింది. బొటనవేలితో కొట్టేవాళ్లకు తీగల మధ్య ఎడం, గరుకు తీగ కావాలె. పిక్‌తో వాయించేవాళ్లకు ఇరుకైనా ఫరవాలేదు. అంటే ముందు చేతి అలవాటు, తర్వాత వాద్యం.

మెట్ల సంగతి మన సంగీతంతో పోల్చి చూడవచ్చు. వీణకు 24 మెట్లు ఉంటాయి, వయొలిన్‌కు ఒక్కటీ లేదు. రెండింటి మీదా మన రాగాలు పలుకుతాయి, కాని నేర్చుకునే దారి వేరు. జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన 1962 నాటి జాజ్ బేస్‌తో 1970ల్లో బేస్‌ను గొంతులాగా పాడించాడు. దానికి చాలా గట్టి చెవి కావాలె. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మెట్లు ఉన్నదే మంచిది. ఐదో తీగ కూడా అంతే. 1975లో ఆంథొనీ జాక్సన్ ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. 1980ల్లో సింథసైజర్లు ఇంకా కిందికి దిగడంతో ఐదు తీగలవి పెరిగాయి. అవసరం వచ్చిన తర్వాత తీగ పెరిగింది, తీగ చూసి అవసరం పుట్టలేదు.

ఇదంతా దూరదేశాల కథ అనుకోవద్దు. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు దారి మీద మన ఊరు ఉంది. ఆ రెండు చివర్లలోనూ మన చెవులకు అలవాటైన బేస్ పుట్టింది. బొంబాయిలో ఆర్.డి. బర్మన్ బృందంలో టోనీ వాజ్ వాయించారు. మద్రాసులో ఇళయరాజా పాటలకు శశిధరన్, ఎ.ఆర్. రెహమాన్ పాటలకు కీత్ పీటర్స్ వాయించారు. ఈ కాలంలో ముంబయిలో పుట్టిన మోహినీ డే ప్రపంచమంతా తిరిగి వాయిస్తున్నది. ఆమె తండ్రి కూడా బేస్ వాద్యకారుడే. వీళ్ల పేర్లు పోస్టర్ల మీద పెద్దగా ఉండవు. కాని ఆ పాటల్లోంచి బేస్ తీసేస్తే పేక లేని పడుగు మిగులుతుంది.

మన పేటలకు ఇంకొక ప్రత్యేక సంగతి ఉంది. ఏండ్ల తరబడి మగ్గాల చప్పుడులో పనిచేస్తే చెవి దెబ్బతింటుంది. మొదట పోయేది సన్నని పై స్వరాలు, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. లావు స్వరాలు ఇంకా కొంతకాలం అందుతాయి. బేస్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దాన్ని చెవితోనే కాదు, ఛాతీతో, కాళ్ల కింది నేలతో కూడా తెలుసుకుంటాం. పాట మాటలు సరిగా అందని తాతలకు కూడా మనం వాయించే బేస్ అందవచ్చు. వాయించేవాళ్లు మాత్రం తమ చెవులు కాపాడుకోవాలె, ఆంప్లిఫయర్‌ను మగ్గంతో పోటీకి పెట్టవద్దు.

ఇక కొనేటప్పుడు చేయవలసినవి. ఫోన్‌లో వీడియో చూసి నిర్ణయించవద్దు. ఫోన్ చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేదు, దాని పై స్వరాలు విని మన మెదడే మిగతాది పూరించుకుంటుంది. దుకాణానికి పోయి నిలబడి, పట్టీ వేసుకుని, పది నిమిషాలు మోసి చూడండి. మొదటి నాలుగు మెట్ల మీద నాలుగు వేళ్లు పెట్టి చూడండి. మణికట్టు లాగితే పొట్టిది అడగండి, సిగ్గుపడొద్దు. అన్ని మెట్ల మీదా తీగ బరబరమనకుండా పలుకుతుందా చూడండి. ఎక్కడ వాయిస్తారో ఆలోచించండి. భజన, చర్చి పాటలకు మెత్తని స్వరం చాలు. ఆర్కెస్ట్రా డ్రమ్ముల మధ్య అయితే స్పష్టత కావాలె. పైసలన్నీ గిటార్‌కే పెట్టొద్దు, ఆంప్లిఫయర్ లేని బేస్ పక్క గదికి కూడా వినపడదు. చిన్న ఆంప్లిఫయర్ మీద ఐదో తీగ 31 హెర్ట్జ్ స్వరం సరిగా పలకదు కాబట్టి మొదట నాలుగు తీగలే చాలు.

జేమర్సన్ వేలు, మెకార్ట్నీ ఎడమచేయి, కరోల్ కే పిక్, గ్రాహం బొటనవేలు, ఇవన్నీ ఎవరివి వాళ్లవే. వాళ్లు పెద్ద పేరున్న బేస్ కొన్నందుకు పెద్దవాళ్లు కాలేదు. తమ చేతికి, తమ పనికి సరిపోయేది పట్టుకుని రోజూ వాయించారు. కాబట్టి మిత్రులారా, ఇంట్లో "ఫలానా కంపెనీది కావాలె" అని మొండి చేయకముందు మీ చేతిని ఒకసారి చూసుకోండి. ఏం వాయించాలనుకుంటున్నారో చెప్పండి. అది తేలితే, తక్కువ పైసల బేస్ కూడా పదేండ్లు మీ వెంట ఉంటుంది.