బాతు కందనకాయలో సీసపు గుండు

కోడిని కోసినప్పుడు కందనకాయ చీల్చి చూస్తే ఇసుక, గులకరాళ్లు కనబడతాయి. పక్షికి పళ్లు లేవు గనుక ఆ రాళ్లే దాని తిరగలి. నీటిబాతుకూ అంతే. ఆ తిరగలిలో రాయికి బదులు సీసపు గుండు పడితే ఏమవుతుందో అమెరికా దేశపు బాతుల చరిత్ర చెబుతుంది. తాతలనాటి తుపాకుల సంగతీ అందులోనే కలిసి ఉన్నది.

అక్కడి బాతుల వేట తూటాలో జొన్నగింజకు కాస్త చిన్నవైన గుండ్లు 150కి పైగా ఉండేవి. పక్షికి తగిలేవి ఏ నాలుగైదో. మిగిలినవన్నీ మడుగు అడుగున చేరేవి. మేతకు దిగిన బాతు వాటిని గులకరాళ్లనుకొని మింగేది. కందనకాయ నూరేది, కడుపులోని ఆమ్లం కరిగించేది, సీసం నెత్తురులో కలిసేది. ఇక రెక్కలు వాలిపోతాయి, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది, తిన్నది కిందికి దిగదు. చిక్కి శల్యమై చస్తుంది. తుపాకి దెబ్బ తగలని పక్షి తుపాకి వల్లనే చచ్చిందన్నమాట! ఆ బాతును తిన్న తెల్లతల గద్దకూ అదే గతి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1894లోనే జార్జి బర్డ్ గ్రిన్నెల్ ఈ జబ్బును గురించి వ్రాశాడు. 1919లో అక్కడి వ్యవసాయ శాఖ అలెగ్జాండర్ వెట్‌మోర్ పరిశోధనను అచ్చు వేసింది. ఏటా నూటికి రెండు మూడు బాతులు ఇలా పోతున్నవని 1959లో బెల్‌రోజ్ లెక్క కట్టాడు. అయినా నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించటానికి 1991 రావలసి వచ్చినది. (మన దేశంలో వేట లైసెన్సులకే స్వస్తి చెప్పిన వన్యప్రాణి చట్ట సవరణ కూడా 1991లోనే. కాబట్టి మన కొల్లేటి బాతు మీద సీసమా, ఉక్కా అన్న ప్రశ్నే లేదు. తుపాకి ఎత్తితే నేరమే.)

సీసం పోయి ఉక్కు గుండు వచ్చింది. చిక్కూ వచ్చింది. డమాస్కస్ అనే పాతకాలపు గొట్టం ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసినది. గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన ఆనాటి మందుకు తగినది. సీసం మెత్తన, గొట్టం కొసన ఇరుకులో నలిగి సర్దుకుపోతుంది. ఉక్కు సర్దుకోదు, లోపల గీకుతుంది, ఇరుకు దగ్గర గొట్టాన్ని ఉబ్బిస్తుంది. పైగా తేలిక. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములైతే ఉక్కు 7.8 మాత్రమే. అందుకని దానికి పెద్ద గుండ్లు, ఎక్కువ వేగం, వేరే మందు కావాలి. తూటాలు ఇంట్లో నింపుకునే మనిషి సీసం కొలతకే ఉక్కు పోశాడా, గొట్టం పగిలితే మొదట పోయేది దాన్ని పట్టుకున్న చెయ్యి.

నిషేధాన్ని ఎదిరించిన వారందరూ మొండివాళ్లని నేననను. కొత్త మందు చెప్పేటప్పుడు రైతు దగ్గరున్న స్ప్రేయరుకు అది సరిపోతుందా అని గ్రామసేవకుడు చూడవద్దూ?

1990లలో దారి దొరికింది. బిస్మత్ అనే లోహం బరువులో సీసానికి దగ్గర, 9.6 గ్రాములకు పైమాటే. విషం కాదు, ఉక్కంత గట్టిదీ కాదు. పెళుసు గనుక 97 పాళ్లకు 3 పాళ్లు తగరం కలిపారు. ఖరీదు మాత్రం ఎక్కువ. దీనికీ సీసపు లెక్క అరువు పనికిరాదు. ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి అచ్చు వేసిన కొలతలే వాడాలి. గొట్టాన్ని ముందుగా తుపాకి పనివానికి చూపించాలి.

బాతుల సంగతా? నిషేధం తరువాత మిసిసిపీ మార్గాన వలసపోయే మల్లార్డు బాతులలో సీసపు చావులు 64 శాతం తగ్గినవని 2000లో వచ్చిన పరిశోధన చెప్పింది.