పరారుణ వర్ణపట కొలతల క్రమాంకనం: కడప, కర్నూలు శిలల సాక్ష్యం

ఒక పదార్థం పరారుణ కిరణాల్లో వేటిని, ఎంత మేర పీల్చుకుంటుందో వర్ణపటమాపకం చూపుతుంది. ఆ అంకెలను తెలిసిన ప్రమాణంతో పోల్చి సరిదిద్దడమే క్రమాంకనం. ప్రయోగశాలల్లో దీన్ని కాలిబ్రేషన్ అనే అంటారు. ఇందులో రెండు పనులున్నాయి: తరంగ సంఖ్యల (ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు పడతాయో చెప్పే అంకెల) స్కేలును సరిచూడటం, డిటెక్టర్ ఇచ్చే సంకేతం ఎంత కాంతికి సమానమో తేల్చడం. మొదటిది తప్పితే పదార్థం పేరే మారిపోతుంది. రెండోది తప్పితే పాళ్లు మారతాయి.

ఈ మాట ఎంత నిజమో కడప, కర్నూలు నేలే చెబుతుంది. సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర నెలవంకలా పరుచుకున్న కడప శిలా ద్రోణిలో వేంపల్లె డోలమైటు ఉంది, ఇళ్లలో నాపరాళ్లుగా పరిచే నార్జి సున్నపురాయీ ఉంది. రెండూ కార్బొనేట్లే. సున్నపురాయిలోని కాల్సైటు తరంగ సంఖ్య 712 దగ్గర కిరణాలను పీల్చుకుంటే, డోలమైటు 728 దగ్గర పీల్చుకుంటుంది. తేడా పదహారే. స్కేలు పది అంకెలు జరిగిన పరికరం ఈ రెండు రాళ్లనూ కలగాపులగం చేస్తుంది.

పరారుణాన్ని 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నప్పుడు ఆయన చేతిలో ఉన్న డిటెక్టర్లు ఉష్ణమాపకాలే. ఒకదాన్ని కాంతిలో ఉంచి, మిగిలినవాటిని పక్కన నీడలో ఉంచి, రెండింటి తేడానే లెక్కలోకి తీసుకున్నాడు. గది వేడిని కొలతలోంచి తీసేసే ఈ పద్ధతిలోనే క్రమాంకనానికి బీజం ఉందని చెప్పాలి. ఆ తర్వాత నోబిలి, మెలోనీల థర్మోపైల్, 1880 ప్రాంతంలో లాంగ్లీ బోలోమీటర్ వచ్చాయి. 1900లో ప్లాంక్ ఇచ్చిన సూత్రంతో నల్లని వస్తువు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత వికిరణం ఇస్తుందో లెక్కకట్టడం సాధ్యమైంది. డిటెక్టర్లకు అప్పుడు దొరికిన కొలబద్దే నేటికీ ఆధారం. 1905లో విలియం కోబ్లెంట్జ్ ప్రచురించిన పరారుణ వర్ణపటాలు రసాయన శాస్త్రజ్ఞులకు చాలాకాలం దారి చూపాయి.

అప్పటి పరికరాల్లో కాంతిని విడదీసేది ఉప్పు పట్టకం. వేడి మారితే దాని వక్రీభవనం మారుతుంది, దాంతో స్కేలూ కదులుతుంది. అందుకే పలచని పాలిస్టైరీన్ పొరను ప్రమాణంగా వాడటం మొదలైంది. 1601, 1028 దగ్గర దాని గీతలు రావలసినచోట వస్తున్నాయా అని చూడటం నేటికీ ప్రయోగశాలల అలవాటు. ఇంతకంటే సూక్ష్మమైన పనికి వాయు అణువుల గీతలు కావాలి. ఈ రంగంలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు కె. నరహరి రావు కృషి పెద్దది. హంఫ్రీస్, ర్యాంక్‌లతో కలిసి 1966లో పరారుణ తరంగదైర్ఘ్య ప్రమాణాల గ్రంథాన్ని, గెలాష్విలీతో కలిసి 1986లో పరారుణ ప్రమాణాల కరదీపికను వెలువరించారు. ఫూరియే రూపాంతర వర్ణపటమాపకాలు వచ్చాక స్కేలును కాపాడే పని హీలియం-నియాన్ లేజర్‌ది అయింది.

డిటెక్టర్ కథ ఇంత సులువు కాదు. రాయలసీమ వేసవిలో 40 డిగ్రీలు దాటిన గదిలో గోడలు, బల్ల, పరికరం డబ్బా కూడా పరారుణాన్ని వెదజల్లుతాయి. ఆ వికిరణం 9.3 మైక్రోమీటర్ల దగ్గర, అంటే తరంగ సంఖ్య 1080 ప్రాంతంలో, గరిష్ఠంగా ఉంటుంది. కడప ద్రోణిలోని మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, గట్టిగా పీల్చుకునేదీ ఆ పరిసరాల్లోనే. అందుకే నమూనా లేకుండా ఒకసారి, నమూనాతో ఒకసారి కొలిచి నిష్పత్తి తీస్తారు. రెండింటి మధ్య గది వేడి మారితే ఆ నిష్పత్తి అబద్ధమాడుతుంది. పైరోఎలక్ట్రిక్ (వేడి మారితే విద్యుత్ సంకేతం ఇచ్చే) డిటెక్టర్లలో వాడే టీజీఎస్ (ట్రైగ్లైసిన్ సల్ఫేట్) స్ఫటికం 49 డిగ్రీల దగ్గర ఆ గుణాన్నే కోల్పోతుంది. దానిలోని హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం చేర్చి ఆ హద్దును పెంచారు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే పాదరస-కాడ్మియం-టెల్యురైడ్ డిటెక్టర్ ఎంతో చురుకైనదే కానీ, కాంతి ఎక్కువైతే సంకేతం అదే దామాషాలో పెరగదు. దాన్నీ విడిగా సరిదిద్దాలి. ఇక్కడి పొడి గాలి వల్ల ఒక మేలూ ఉంది: తేమను పీల్చి మసకబారే పొటాషియం బ్రోమైడ్ కిటికీలు, బిళ్లలు ఎక్కువకాలం మన్నుతాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మాత్రం డెసికేటర్ తప్పదు.

బయట కొండల మీద కొలిచేవాళ్లు రాతిని చూసే ముందు, తర్వాత తెల్లని ప్రమాణ ఫలకాన్ని చూస్తారు. ఎండ మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి. కాల్సైటు 2.34 మైక్రోమీటర్ల దగ్గర, డోలమైటు 2.32 దగ్గర పీల్చుకోవడం ఆకాశం నుంచి కూడా కనిపెట్టవచ్చు. 1999లో టెర్రా ఉపగ్రహంతో వెళ్లిన ఆస్టర్ పరికరం కార్బొనేట్ శిలల పటాలకు ఎంతో ఉపయోగపడింది. దానిలోని లఘుతరంగ పరారుణ డిటెక్టర్లు వేడెక్కిపోవడంతో 2008 ఏప్రిల్ నుంచి ఆ పట్టీల కొలతలు పనికిరాకుండా పోయాయి. కడప ద్రోణి శిలలను ఆస్టర్ లఘుతరంగ పట్టీలతో అధ్యయనం చేసేవారు అంతకు ముందు తీసిన చిత్రాలనే వాడాలి.