పన్ను ఎవరిది, బడి ఎవరిది?
కోనసీమలో బడి ఖర్చు మీద సాగుతున్న తగువు

2022 జులైలో మా పల్లె బడి దగ్గర పేరెంట్స్ కమిటీ మీటింగు జరిగింది. అంతకు కొంతకాలం ముందే ఆ బడికి నాడు-నేడు డబ్బుతో రంగులు వేశారు, మరుగుదొడ్లు కట్టారు, ఫ్యాన్లు పెట్టారు. ఆ పనుల లెక్కల మీద కమిటీ తరఫున సంతకాలు పెట్టింది నాకు పిన్ని వరసయ్యే ఆవిడ. సంతకం వరకే చదువుకున్న మనిషి. ఆ రోజు మీటింగులో చెప్పిన సంగతి ఏమిటంటే, ఇకనుంచి మూడు, నాలుగు, అయిదు తరగతులు ఇక్కడ ఉండవు, ఆ పిల్లలు కాలవ అవతల హైస్కూలుకి వెళ్ళాలి.

తల్లులు రెండుగా చీలిపోయారు. అక్కడ లెక్కలకో మాస్టారు, ఇంగ్లీషుకో మాస్టారు ఉంటారు, ఇక్కడ ఒక్కరే అన్నీ చెబితే ఏం వస్తుంది అన్నారు కొందరు. పొద్దున్నే ఊడ్పులకి పోతాం, కాలవ వంతెన మీద పిల్లని ఎవరు దాటిస్తారు అన్నారు ఇంకొందరు. రెండూ నిజమే. చివర్లో మా పిన్ని ఒక మాట అంది: "రంగులెయ్యడానికి మా సంతకం కావాల్సొచ్చింది. బడి తీసెయ్యడానికి అక్కర్లేకపోయిందా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చరిత్ర చదువుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్ళాను. వెళ్తే తెలిసిందేమిటంటే, గోదావరి డెల్టాలో బడి ఖర్చు గురించి జరిగిన ప్రతి చర్చకీ ముందు ఇంకో రెండు సంగతులు తేలిపోయి ఉంటున్నాయి. పన్ను కట్టినవాడిగా ఎవరి పేరు రాసుకున్నారు? బడి ఎవరి వీధిలో పెట్టారు? ఈ రెండూ తేలాక మిగిలిన చర్చంతా లాంఛనమే.

రేటు బడులు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పెరిగింది, సర్కారుకి శిస్తూ పెరిగింది. ఆ దశకంలోనే రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురం ప్రాంతంలో బడులు పెట్టించాడు. వాటిని చూసి చుట్టుపక్కల రైతులు తమ ఊళ్ళకీ బడి కావాలని, దానికోసం శిస్తుతోపాటు కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. వీటినే రేటు బడులన్నారు. ఇది మనకి పరాయి ఊరి సంగతి కాదు. నగరం లంక, అంటే నేటి రాజోలు వైపు భూమి, 1904 వరకు నరసాపురం తాలూకాలోనే ఉండేది.

ఈ వసూలుకి చట్టం అండ కావాల్సొచ్చి మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం చేసింది. గోదావరి జిల్లా దాటి అది పెద్దగా అమలు కాలేదు. అంటే బడికోసం పన్ను అనే ఆలోచనకి మద్రాసు రాజధానిలో పుట్టిల్లు మన డెల్టాయే. చదువుకోసం తమ మీద తామే పన్ను వేసుకున్న ప్రజలని దీన్ని మెచ్చుకుంటూ చరిత్ర రాశారు.

ఆ ప్రజలెవరు? జమాబందీ లెక్కలో పేరున్న పట్టాదారులు. ఆ చేను దున్నిన పాలేరు, ఊడ్చిన ఆడకూలీ, కళ్ళంలో కుప్ప నూర్చిన మనిషి ఆ లెక్కలో లేరు. శిస్తు కట్టిన చెయ్యి ఒకటి, ఆ శిస్తు పండించిన చెయ్యి ఇంకొకటి. కరణం కవిలెలో మొదటి చెయ్యే ఎక్కింది. కాబట్టి బడి కూడా ఆ చేతిదే అయింది. కట్టేవాడిదే బడి అనే న్యాయం వినడానికి సబబుగానే ఉంటుంది. ఎవరు కడుతున్నట్టు అనేది ముందే తేల్చేసుకుని ఆడే న్యాయం అది.

బడి ఎక్కడ పెట్టారన్నది రెండో సంగతి. ఊరి నడుమ చావడి, గుడి మంటపం, పెద్దింటి అరుగు ఇవీ నాటి బడి చోట్లు. అక్కడికి మాలమాదిగ పిల్లలు నడిచి వెళ్ళడమే నేరం. కాగితం మీద అలా లేదు. 1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రాణ్ణి సర్కారు బడిలో చేర్చుకోకపోతే ఆ తగువు పై ప్రభుత్వాల దాకా వెళ్ళింది. సర్కారు డబ్బుతో నడిచే బడులు అన్ని కులాలకీ తెరిచి ఉండాలని 1858లో కంపెనీ డైరెక్టర్లు లండన్ నుంచి రాశారు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత 1882లో హంటర్ కమిషన్ ఆ సూత్రాన్నే మళ్ళీ చెప్పి, కులం అడ్డొచ్చేచోట వేరే బడులు పెట్టమని సలహా ఇచ్చింది. సూత్రం అందరిదీ, బడి కొందరిదీ అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

మిషన్ బడి, లేబరు బడి

ఈలోగా 1871 లోకల్ ఫండ్ చట్టంతో భూమి సెస్సు డబ్బు రోడ్లకీ ఆస్పత్రులకీ బడులకీ కలిపి ఒకే సంచిలో పడడం మొదలైంది. 1884 లోకల్ బోర్డుల చట్టంతో ఆ సంచి జిల్లా బోర్డు, తాలూకా బోర్డుల చేతికి వచ్చింది. రోడ్డు ముందా బడి ముందా అనే చర్చ ఆ బోర్డుల్లో జరిగేది. ఏ బోర్డులోనూ పల్లె మనిషి కూర్చున్నది లేదు.

పల్లెకి బడి వచ్చింది వేరే దారిలో. బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రెదరెన్ మిషనరీలు 1836లో వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. ఆ గోదావరి డెల్టా మిషన్ తర్వాత అమలాపురం దాకా పాకింది. మన తాతల్లో చాలామందికి మొదటి అక్షరం బైబిలు తరగతిలోనే దొరికింది. మతం మార్చడానికే బడి పెట్టారని అగ్రకులాల వాళ్ళు ఇప్పటికీ అంటారు. అయుండొచ్చు. మార్చకుండా పెట్టే బడి మీరెందుకు పెట్టలేదన్న ప్రశ్నకి మాత్రం వాళ్ళ దగ్గర జవాబు లేదు.

1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. పల్లె బడులకి పోరంబోకు స్థలం, ఎక్కువ గ్రాంటు ఇస్తామంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పింది. 1919లో ప్రభుత్వం, మన పిల్లలు అడుగుపెట్టలేని అగ్రహారాల్లో, గుళ్ళల్లో ఉన్న బోర్డు బడులను అందరికీ అందేచోటికి మార్చమంది. మార్చినవి ఎన్నో, దస్త్రంలో ఉండిపోయినవి ఎన్నో మన పల్లెల ముసలివాళ్ళని అడిగితే తెలిసేది.

1920 నుంచి లేబరు డిపార్ట్‌మెంట్ పల్లెల్లోనే బడులు పెట్టడం మొదలెట్టింది. లేబరు బడి అంటే పల్లె బడి. అదే 1920లో వచ్చిన ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకి విద్యాపన్ను వేసుకునే అధికారమిచ్చింది. స్థానిక సంస్థలకి ఓటు మాత్రం ఆస్తీ పన్నూ ఉన్నవాళ్ళకే. మనవాళ్ళు ఒకరో ఇద్దరో నామినేషను మీద కూర్చునేవారు. దాంతో రెండు ఖాతాలు తయారయ్యాయి. ఊరి బడి ఊరి పన్నుతో నడుస్తుంది, అది ఊరి హక్కు. పల్లె బడి సర్కారు దయతో నడుస్తుంది, అది ధర్మం. ధర్మం ఖాతాలో ఉన్నదాన్ని ఎప్పుడైనా ఆపొచ్చు.

అయినా ఆ బడులు ఊరికే పోలేదు. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న చదువుకుని పైకొచ్చి, చదువుకుని అధికారి అయిన పాలేరు కథని 'పాలేరు' నాటకంగా రాశాడు. పశువుల వెనక పంపాల్సిన పిల్లాణ్ణి బడికి పంపితే ఆ పూట కూలి పోతుంది. పాలేరు కుటుంబం చదువుకి కట్టిన అసలు పన్ను ఆ పోయిన కూలే. ఏ బోర్డు లెక్కలోనూ అది జమ కాలేదు.

తుఫాను తర్వాత

స్వతంత్రం వచ్చాక ఓటు అందరిదీ అయింది. 1959లో సమితులొచ్చి ప్రాథమిక బడులు వాటి కిందికి వెళ్ళాయి. ఊరి బడి తలుపు చట్టప్రకారం తెరుచుకుంది, నిజంగానూ మెల్లగా తెరుచుకుంది. హాస్టళ్ళు, 1980ల్లో గురుకులాలు వచ్చాయి. ఇవాళ కోనసీమ నుంచి యూనివర్సిటీకి వచ్చిన దళిత విద్యార్థుల్లో హాస్టలు అన్నం తినని వాళ్ళు అరుదు. నేనూ తిన్నాను.

1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయాయి. మా పల్లె బడి కప్పు లేచిపోయింది. ఊరి బడి కూడా దెబ్బతింది. ముందు ఏది బాగుచెయ్యాలని పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారట. ఊరి బడిలో పిల్లలెక్కువ కాబట్టి అదే ముందు అన్నారు. లెక్క ప్రకారం సబబే. ఊరి బడిలో పిల్లలెందుకెక్కువ, పల్లె బడిలో ఎందుకు తక్కువ అని అడిగినవాళ్ళు లేరు. మేము చాలాకాలం చర్చి పాకలో కూర్చుని చదువుకున్నాం.

ఇక్కడ మన సంగతి మనమూ చెప్పుకోవాలి. మా ఊళ్ళో పల్లె బడంటే మాలపల్లె బడే. మాదిగ గూడెం పిల్లలు మా వీధి దాటి రావాలి. వస్తే వెనక బల్ల. కప్పు లేచిపోయిందని మేం ఏడ్చిన బడి వాళ్ళకి ఎన్నడూ పూర్తిగా తమది కాలేదు. బడి ఎవరి వీధిలో ఉందన్న ప్రశ్న ఊరినే కాదు, మననీ అడగాలి.

కువైట్ డబ్బు, సర్కారు లెక్క

తర్వాత వచ్చిన మార్పు ఆడవాళ్ళ వల్ల వచ్చింది. కోనసీమ పల్లెల నుంచి దళిత స్త్రీలు కువైట్, దుబాయి వెళ్ళి ఇళ్ళల్లో పనిచేశారు. ఆ డబ్బు ఇంటికీ వైద్యానికీ పోగా మిగిలింది ఇంగ్లీషు మీడియం కాన్వెంటు ఫీజుకి పోయింది. ఒకప్పుడు రైతు శిస్తులో పైసలు కలిపి బడి పెట్టుకుంటే ప్రజల చైతన్యమన్నారు. మన తల్లులు ఎడారిలో పనిచేసి బడి ఫీజు కడితే దాన్ని మోజు అన్నారు. ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళు కూడా పిల్లల్ని అటే పంపారు. పల్లె బడిలో మిగిలింది ఎటూ వెళ్ళలేనివాళ్ళ పిల్లలు. సంఖ్య తగ్గింది. సంఖ్య తగ్గిందని టీచర్లూ తగ్గారు. టీచరు లేడని ఇంకా తగ్గింది.

సర్కారు లెక్క సంగతి చూద్దాం. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన జనాభా వాటా మనకే ఖర్చుపెట్టాలని దాని ఉద్దేశం. జరిగేదేమిటంటే, అన్ని కులాల వాళ్ళకీ వర్తించే పథకాల్లో మనవాళ్ళకి అందిన భాగాన్ని లెక్కగట్టి అదే సబ్‌ప్లాన్ ఖర్చుగా చూపిస్తున్నారు. అమ్మ ఒడి డబ్బూ అలాగే చూపించారు. అది అందరితోపాటు మనకీ రావాల్సిందే గదా? 1863లో మన చెమటని ఇంకొకరి ఖాతాలో జమ చేశారు. ఇప్పుడు అందరి ఖర్చులో ముక్కని మన ఖాతాలో రాస్తున్నారు. కలం పట్టిన చెయ్యి రెండుసార్లూ మనది కాదు.

నాడు-నేడు మొదటి విడతలో రాష్ట్రంలో 15,715 బడులు బాగుచేశారు. పనులు కాంట్రాక్టర్లకి ఇవ్వకుండా పేరెంట్స్ కమిటీల ద్వారా చేయించారు. మా పిన్ని లాంటివాళ్ళు సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నారు. అది చిన్న సంగతి కాదు. అయితే ఏ పని చెయ్యాలన్నది పైన తేలింది. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం కిలోమీటరు లోపు హైస్కూలుంటే మూడు నుంచి అయిదు తరగతులు అక్కడికి కలిపారు. దీనికి కమిటీని అడగలేదు. 2025లో ఆ ఉత్తర్వు తీసేసి పంచాయతీకొక మోడల్ ప్రైమరీ స్కూలు, అందులో తరగతికొక టీచరు అన్నారు. మంచిదే. ఆ ఒక్క బడి ఊళ్ళో ఉంటుందా పల్లెలో ఉంటుందా? నూట డెబ్బై ఏళ్ళుగా ఇదే ప్రశ్న.

కిలోమీటరు అనేది మ్యాపు మీద కొలత. కోనసీమలో కిలోమీటరు అంటే ఒక కాలవ, ఒక రోడ్డు, వానాకాలంలో ఒక మునక, మధ్యలో ఒక కులం వీధి.

పేరు, బడి

ఆ 2022 ఏప్రిల్‌లోనే కోనసీమ జిల్లా ఏర్పడింది. మేలో దానికి అంబేద్కర్ పేరు పెడతామనగానే 24వ తేదీన అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లూ తగలబడింది. ఆగస్టులో పేరు ఖాయమైంది. ఆ పేరు మనం నిలబెట్టుకోవాల్సిందే, సందేహం లేదు. కానీ చూడండి, ఆఫీసు బోర్డు మీద బాబాసాహెబ్ పేరు కోసం మనం రోడ్డు మీద ఉన్న ఆ నెలల్లోనే పల్లెల్లో బడులు చప్పుడు లేకుండా ఖాళీ అయ్యాయి. దానికి మనం ధర్నా చెయ్యలేదు. ఆ తీర్మానం ఎవరు రాశారో కనుక్కోలేదు.

కాబట్టి యువకులకీ, టీచర్లకీ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రతి పల్లెలో బడి ఖాతా పల్లెలోనే, గట్టిగా, అందరికీ అర్థమయ్యేలా చదివించాలి. సబ్‌ప్లాన్ డబ్బు మా బడికి ఎంతొచ్చిందని బడి పేరు పెట్టి అడగాలి. కలిపే బడి ఏదైనా సరే, ముందు పల్లెలోకి కలపమని అడగాలి. ఊరి పిల్లలు కాలవ దాటి మన వైపు వస్తే ఏమవుతుంది? ఆ మాట అనగానే మీటింగులో ఎవరి మొహం ఎలా మారుతుందో చూస్తే, ఈ వ్యాసం అంతా చదవక్కర్లేదు.

మా పిన్ని మనవరాలు ఇప్పుడు వంతెన దాటి హైస్కూలుకే వెళ్తోంది. బాగానే చదువుతోంది. పల్లె బడికి వేసిన రంగు వెలుస్తోంది. పిన్ని సంతకం మాత్రం రికార్డులో ఇంకా ఉంది.