సత్యభామ వేషం కట్టిన మగపిల్లలు

నెగడు దగ్గరికి జరగండర్రా, ధనుర్మాసం చలి ఎముకల్లోకి దిగుతోంది. డాన్సు క్లాసులో నవ్వమంటే నవ్వుతున్నాం, ఏడవమంటే ఏడుస్తున్నాం, మీ కాలంలోనూ ఇట్లాగే నేర్పేవారా అని పెద్దపాప ఇందాక అడిగింది. నేను నాట్యం నేర్చుకోలేదు తల్లీ. కానీ మా పుట్టిల్లు మొవ్వ పక్కనే, కూచిపూడి నడిచిపోయేంత దూరం. భాగవతులవారి పిల్లలు సాధన చేస్తుంటే అరుగు మీద కూర్చుని చూసిన దాన్ని.

అప్పుడు నేర్చుకునేది మగపిల్లలే. ఆడవేషాలూ వాళ్లే కట్టేవారు. భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి, ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట. పెద్దవాళ్లు చెప్పుకునే మాట అది. మిగతా ఊళ్లలో కళ్లు తడిస్తే చాలు, మగపిల్లాడివి ఏడుపేంట్రా అని కసిరే రోజులు. ఆ ఊళ్లో మాత్రం మీసం రాని కుర్రాడు ఆడదాని గర్వం, అలక, అసూయ, విరహం, పశ్చాత్తాపం అన్నీ ఒంటబట్టించుకోవాలి. అది సిగ్గుపడే పని కాదు, కులవిద్య. నాకు ఇప్పటికీ ఆ ఏర్పాటు తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

తెల్లవారకముందే లేపేవారు. ముందు ఒళ్లు వంగాలి, అడుగులు కుదరాలి, జతులు నోటికి రావాలి. భావం జోలికి అంత తొందరగా వచ్చేవారు కాదు. ఆ తర్వాతైనా, కోపం చూపించరా అని గురువుగారు అనగా నేను వినలేదు. కథ చెప్పేవారు. చెప్పి, ఇప్పుడు కోపం ఎవరిది, ఎవరి మీద, ఎందుకు అని అడిగేవారు. హిరణ్యకశిపుడికీ కోపమే, సత్యభామకీ కోపమే. మాట వినని కొడుకు మీద ఆయనకు కోపం, ఆ కోపం వెనక తన రాజ్యం కదులుతుందన్న భయం. ఈవిడకేమో కృష్ణుడంటే ప్రాణం కాబట్టి కోపం. రెండింటికీ ఒకటే కనుబొమలు ముడిస్తే గురువుగారు తాళం ఆపేసేవారు. పిల్లవాడు మళ్లీ కథలోకి వెళ్లాల్సిందే. అట్లా వాళ్లకి పదేళ్లకే తెలిసిపోయేది, కోపం అని మనం అనేదాని కింద ఇంకేదో ఉంటుందని.

భరతుడు నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు 8, వాటి మీద వచ్చిపోయే సంచారీభావాలు 33 చెప్పాడు. సిగ్గు, దైన్యం, బెదురు, అలసట, ఆఖరికి నిద్ర కూడా ఆ లెక్కలో ఉంది. అందులో అవహిత్థ అని ఒకటుంది. లోపల ఉన్నది బయటికి కనపడనీయకుండా దాచుకోవడం. దాచుకోవడాన్ని కూడా ఒక భావంగా లెక్కపెట్టి, దాన్నీ అభినయించమన్నాడు చూడండి! ముభావంగా ఉండే పిల్లవాడికి ఇంతకన్నా దయగల పాఠం ఉంటుందా? వాడు తల తిప్పుకుని చెంగు సర్దుకుంటే చాలు, వాడి మనసు చూసేవాళ్లకి అందుతుంది.

పాట సంగతి వేరే చెప్పాలా. ముఖారి ఎత్తుకుంటే పిల్లలు ఆడుతున్న గోలీలు ఆపి నిలబడేవారు. అఠాణా అందుకుంటే నడుములు నిటారయ్యేవి. రాగం పేరు తెలియకముందే దాని బరువు తెలిసేది.

ఇక ఆట రాత్రి! మా నాన్న చిన్నప్పుడు కాగడాల వెలుగులోనే ఆడేవారట, ప్రవేశాలప్పుడు మంట మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని లేచేదట. ఇద్దరు తెర పట్టుకుంటే, భామ తన జడని తెర మీదుగా ఇవతలికి వేసేది. ఆ జడ పడగానే జనం కదిలిపోయేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ కట్టారంటే లోపల ఉన్నది మగమనిషన్న ఊహే రాదు. చంటిపిల్లల తల్లులు కూడా ఆయన నడక చూసి నేర్చుకోవాలనేవారు.

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఆడవాళ్లకీ నేర్పారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు బారులు తీరారు. మంచిదే జరిగింది, ఆ తలుపు ఇంకా ముందే తెరుచుకోవాల్సింది. కాకపోతే ఇప్పుడు మగపిల్లలు తగ్గిపోయారే అన్నదే నా బాధ. ఒరేయ్ బుజ్జీ, అక్కతో పాటు నువ్వూ వెళ్లరాదూ? ఎవడన్నా నవ్వితే మీ అమ్మమ్మ పంపిందని చెప్పు.

ఏమ్మా, నీకు భామాకలాపం మొదలుపెట్టారన్నావుగా. సత్యభామకి, కృష్ణుడికి గొడవ ఎక్కడ వచ్చిందో చెప్పారా? చెప్పలేదూ? అద్దం ముందు మొదలైందే ఆ గొడవ. ఇటు తిరిగి కూర్చో, ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి. మనిద్దరిలో ఎవరు అందగాళ్లని కృష్ణుణ్ణి అడిగింది సత్యభామ...