తుగ్గలి చేలూ, చందమామ రాళ్ళూ

తొలకరి వాన పడిందంటే మా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు, వజ్రాలు ఏరేదానికి. పక్క జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ కూడా వస్తారు. వాన పైమట్టిని కడిగేస్తుంది, రాయి బయటపడుతుంది, ఎండ తగిలితే మెరుస్తుంది. అంతే టెక్నాలజీ :-) మా చిన్నాయన ఒక మాటంటాడు: "బిరబిరా నడిచేవానికి రాయి దొరకదురా."

చంద్రుడి మీద మనుషులు నడిచిన కథ చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. స్కూల్లో ఆ కథని జెండా, పాదముద్ర దగ్గరే ఆపేశారు గానీ, నన్నడిగితే అసలు కథ రాళ్ళదే.

మన టైము ప్రకారం 1969 జూలై 21 ఉదయం ఎనిమిదిన్నరకి ఆర్మ్‌స్ట్రాంగ్ కిందకి దిగాడు. ఆయనా, ఆల్డ్రిన్ బయట ఉన్నది రెండున్నర గంటలు. జెండా పాతడం, ఫొటోలు, పరికరాలు, అన్నీ అందులోనే. చివర్లో రాళ్ళ పెట్టె వెలితిగా కనిపిస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ పారతో మట్టి ఎత్తి నింపేశాడట. సైంటిస్టులు తర్వాత బాగా పరీక్షించిన నమూనాల్లో ఆ మట్టీ ఒకటి!

నాకు బాగా నచ్చింది మాత్రం 1971 నాటి అపోలో 15. డేవ్ స్కాట్, ఇర్విన్ రోవర్‌లో వెనక్కి వస్తున్నారు. టైము అయిపోతోంది, ఆగుతామంటే హ్యూస్టన్ ఒప్పుకోదు. దారిలో స్కాట్‌కి ఒక నల్లరాయి కనబడింది. సీటుబెల్టు సరిచేసుకోవాలని చెప్పి బండి ఆపాడు. స్కాట్ దిగి రాయి తీసేలోపు ఇర్విన్ చుట్టుపక్కల గుంతల్ని వర్ణిస్తూ కూర్చున్నాడు. ఆ రాయికి "సీటుబెల్ట్ బసాల్ట్" అనే పేరే స్థిరపడింది. మేనేజరుకి "బిల్డ్ రన్ అవుతోంది సార్" అని చెప్పి మనం చేసే పనులు గుర్తురాలేదూ?

చంద్రుడి మీద నడిచిన 12 మందిలో చదువుకే జియాలజిస్టు ఒక్కడే, హారిసన్ ష్మిట్. అదీ ఆఖరి యాత్ర, 1972 డిసెంబరులో. అపోలో 18, 19 రద్దవడంతో, ఒక్క సైంటిస్టునన్నా పంపమని శాస్త్రవేత్తలు పట్టుబట్టారు. ఆ సీటు కోసం టెస్ట్ పైలట్ జో ఎంగిల్‌ని తప్పించారు. పాపం, ఎంగిల్ తప్పేం లేదు. కానీ షార్టీ అనే గుంత దగ్గర కాలి కింద చెదిరిన మట్టిలో నారింజరంగుని పట్టుకుంది ష్మిట్ కళ్ళే. అది 350 కోట్ల ఏళ్ళకు పైబడిన అగ్నిపర్వతపు గాజుపూసల మట్టి. అపోలో 15, 17 తెచ్చిన అలాంటి పూసల్లోనే 2008లో నీటి జాడ దొరికింది. మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 ఎగిరిందీ ఆ ఏడే.

ఆరు యాత్రల్లో తెచ్చింది మొత్తం 382 కిలోలు. ఒక ఎద్దులబండికి సరిపోను సరుకు. అక్కడితో ఆపేశారు.

2020 డిసెంబరులో నాసా ఆర్టెమిస్ కోసం 18 మంది జట్టుని ప్రకటించింది. అందులో రాజా చారి ఉన్నాడు, వాళ్ళ నాన్నగారు హైదరాబాదు నుంచి వెళ్ళినవారే. సంబరంగా చిన్నాయనకి చెప్పా. "పైలట్టా? రాళ్ళు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉండారా?" అన్నాడు. జెస్సికా వాట్కిన్స్ అని ఒకావిడ ఉంది, జియాలజీలో డాక్టరేట్ అన్నా.

"అట్లయితే సరే" అన్నాడు.