బండలాగుడు బరిలో తుది నిమిషములు

కర్నూలు, కడప జిల్లాలలో శివరాత్రికిని, ఉగాదికిని, గ్రామదేవతల తిరునాళ్లకును జరుగు ఎద్దుల బండలాగుడును దూరమునుండి చూచినవారు దానిని కేవల బలపరీక్షగా తలంచి పోవుదురు. కాని బరిప్రక్కను గడియారము చేతబట్టి నిలిచిన పెద్దమనిషిని గమనించినవారికి అది కాలమును పొదుపుచేయు విద్యకును పరీక్షయని తెలియగలదు. నియమము సరళమైనది. పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆరుపండ్లు అని ఎద్దుల పండ్లనుబట్టి వర్గములు. వర్గమునకు తగిన బరువుగల బండ. 10 నిమిషములో, 15 నిమిషములో, 20 నిమిషములో గడువు. ఆ గడువులో బండ యెన్ని యడుగులు సాగెనో దానినిబట్టి బహుమానము.

ఈ పందెము పుట్టుపూర్వములను సేద్యములోనే వెదకవలెనని నా యభిప్రాయము. కర్నూలు నల్లరేగడిలో లోతుగ దిగిన కలుపువేళ్లను పెకలించుటకు ఒకప్పుడు పెద్దమడక కట్టెడివారు. అది యొక జతకు లొంగునది కాదు, పలుజతలు ముందు వెనుకలుగ నడువవలసినదే. కడప జిల్లాలో బావులక్రింది పైరునకు కపిలయే ప్రాణము. తోలుబాన నీటితో పైకి వచ్చుటకు ఎద్దులు వాలున దిగునప్పుడు తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువునుగూడ దానికి చేర్చును. అవి వెనుకకు నడచుచు మిట్టకెక్కునప్పుడు వానికి ఊపిరి తీసికొను వ్యవధి దొరకును. లాగుటయు, సేదదీరుటయు ఒకదాని వెంట నొకటి వచ్చు ఈ లయను దినమెల్ల పాటించిన సేద్యగానికి, ఎద్దు ఎంతవరకు లాగగలదో, ఎక్కడ నిలుపవలెనో ఒకరు నేర్పనక్కరలేదు. 1876-78 నాటి ధాత కరవులో పశుసంపద నశించుట చూచిన సీమ యిది. ఇచ్చట మంచి జత యనగా కుటుంబము యొక్క మూలధనము.

బరిలో ఈ విద్యయే వేరొక రూపమున గోచరించును. ఆరంభపు హోరులో జతను పరుగెత్తించినవాడు సగము గడువు గడవకముందే వాని రొప్పు వినవలసివచ్చును. బరి కొస చేరిన ప్రతిమారును జతను త్రిప్పి, మోకు సవరించి, బండను మరల కదలింపవలెను. నిలిచిన బండను కదలించుట సాగుచున్న బండను సాగించుటకంటె కష్టము గనుక, ఒక్క మలుపున తడబడినచో పోవు కాలము తిరిగి రాదు. చీటీలలో తుదివంతు వచ్చినవాని కొక సౌలభ్యము కలదు: తాను మించవలసిన యడుగు లెన్నియో వానికి ముందే తెలియును. అట్టివాడు నిమిషములను అడుగులతో లెక్కకట్టి, తుది రెండు నిమిషములకై జత సత్తువను దాచి యుంచును. ఆ దాచుటయందే తోలువాని ప్రజ్ఞ యంతయు నున్నది.

అమెరికా విశ్వవిద్యాలయముల ఫుట్‌బాలులో ఇట్టి లెక్కయే శాస్త్రముగ పెరిగినది. అచ్చట ఆట నాలుగు భాగములు, భాగమునకు 15 నిమిషములు. అర్ధభాగమునకు మూడుమారులు జట్టు తానే గడియారమును నిలుపుకొనవచ్చును. పదిగజముల మజిలీ దాటినప్పుడెల్ల గడియారము నిలుచు పాతనియమము 2023 నుండి ప్రతి అర్ధభాగపు తుది 2 నిమిషములకే పరిమితమైనది. రెండు పాయింట్లతో వెనుకబడిన జట్టు, బంతిని గుంజలమధ్యకు తన్ని 3 పాయింట్లు గెలువదగిన దూరము చేరిన పిదప, ప్రత్యర్థికి క్షణకాలమైనను మిగులకుండునట్లు వేచి వేచి తన్నును. మన బరిలో ఎద్దు అలసినదని గడియారము నిలువదు. పైగా శ్రమపడు ప్రాణికి గడువన నేమో తెలియదు. కావుననే తోలువాని బాధ్యత అధికము.

ట్రాక్టరు వచ్చినపిదప మడకయు, కపిలయు మూలబడినవి. పందెమునకే పెంచబడు ఎద్దులు మిగిలినవి. సేద్యముతో పొత్తు తెగినచోట ఓర్పు తరిగి, తుది నిమిషములలో ముల్లుకర్రయు, చర్నాకోలయు విజృంభించుట నేను సహింపజాలని విషయము. జంతుహింసా నివారణచట్టము 1960 లోనే వచ్చినది. 2014 మే 7 న సుప్రీముకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించినది. 2023 మే 18 న, ఇట్టి పందెములను అనుమతించుచు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న సవరణచట్టములను సమర్థించినది. తీర్పు లెట్లున్నను, తిరునాళ్ల నిర్వాహకులకు నా విన్నపమొక్కటి: కర్ర తగిలిన జతకు అడుగులు తగ్గించు నియమము పెట్టి, ఎద్దు ఊపిరి నెరిగి తోలినవానికే ప్రథమ బహుమాన మిండు.